పద్దెనిమిదో గ్రీన్ మీద రెండు గుంతలు

ఆ గోల్ఫ్ మైదానంలో ఆమెను అందరూ గుంతలక్క అంటారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది వెక్కిరింపేమో అనుకుని మొదటి రెండు రోజులు మొహమాటంగా ‘మేడమ్’ అని పిలుస్తారు. మూడో రోజుకి అది హోదా అని వాళ్ళకీ తెలిసిపోతుంది. యాభై ఒకటో ఏడు నడుస్తున్న పొట్టి మనిషి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చెవి వెనక పెన్సిలు. ఇరవై రెండేళ్ళుగా ఆ మైదానంలో తెల్లవారుతుండగానే గుంతలు తీసేది ఆమే.

గోల్ఫ్ సంగతి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. పద్దెనిమిది చోట్ల పద్దెనిమిది గుంతలుంటాయి. ఎక్కడో దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి ఒక్కో గుంతలో వెయ్యాలి. నాలుగు రోజుల పోటీలో అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడు విజేత. గుంత చుట్టూ చాప పరిచినట్టు నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. గ్రీన్ మీద గుంత ఒకేచోట ఉండదు, రోజూ మారుతుంది. మార్చకపోతే తొక్కుళ్ళకు గడ్డి చస్తుంది. పైగా ఆటగాళ్ళకు నిన్న రాసిన పరీక్షే ఇవాళ మళ్ళీ పెట్టినట్టవుతుంది.

ఆ మార్చే పని గుంతలక్కది. దానికి కట్టర్ అనే పనిముట్టు ఉంది. పైన రెండు పిడులు, కింద పదునైన ఉక్కు గొట్టం. నిలువుగా పట్టి, ఒంటి బరువంతా వేసి తిప్పి లాగితే సీసాలోంచి బిరడా వచ్చినట్టు జానెడు మట్టిదిమ్మ నెత్తిన గడ్డితో సహా ఊడివస్తుంది. అదీ కొత్త గుంత. ఆ దిమ్మను తీసుకెళ్ళి నిన్నటి గుంతలో దించి, నొక్కి, నీళ్ళు చిలకరించి, కళ్ళు మూసుకుని అరచేత్తో తడుముతుంది. వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా, వెంట్రుకవాసి పల్లంగా ఉన్నా బంతి దారి తప్పుతుంది. నిన్న ఇక్కడ గుంత ఉండేదని ఇవాళ బంతికి తెలియకూడదు అంటుందామె. ఇరవై రెండేళ్ళలో ఆమె పూడ్చిన చోట బంతి తడబడిందన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు.

ఆమెకు పేరు తెచ్చిన రెండో సంగతి జోస్యం.

ఏటా ఒకసారి ఆ మైదానంలో పెద్ద పోటీ జరుగుతుంది. గురువారం మొదలై ఆదివారం ముగుస్తుంది. బుధవారం సాయంత్రం పనివాళ్ళంతా యంత్రాల షెడ్డులో చేరి, తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఎవరికి తోచిన పేరు వాళ్ళు రాస్తారు. పందెం లేదు, పైసా లేదు. గురువారం మొదటి బంతి లేచాక రాసినది చెరపకూడదన్నది ఒక్కటే నియమం. సోమవారం పొద్దున పంచాయితీ. విత్తనాల బకెట్లు బోర్లించుకుని అందరూ కూర్చుంటారు. ఎవరి జోస్యం ఎందుకు ఫలించిందో, ఎందుకు బోల్తాపడిందో గుంతలక్క నిలబడి తేలుస్తుంది. తొమ్మిదేళ్ళలో ఆమె చెప్పింది ఏడుసార్లు జరిగింది. పేపర్లో జోస్యం రాసే మాజీ ఆటగాడికి అదే తొమ్మిదేళ్ళలో కలిసొచ్చింది నాలుగుసార్లు. ఆ జోస్యం పక్కన ఆయన ఫొటో కూడా వేస్తారు.

ఆమె ఆటగాళ్ళు కొట్టే తీరు చూడదు. చూసే తీరికా లేదు. పోటీకి ముందు మూడు రోజులు వాళ్ళు సాధన చేస్తుంటే, వెనకే నడుస్తూ బంతి పడ్డచోట గ్రీన్ మీద పడే సొట్టలను రెండు పళ్ళ ఫోర్కుతో సరిచేస్తుంటుంది. ఆకాశం నుంచి నిలువుగా దిగిన బంతి లోతుగా గుచ్చుకుని అక్కడే ఆగుతుంది. భయపడుతూ కొట్టిన బంతి గీసుకుంటూ పోతుంది. ఎవరి సొట్ట ఎంత లోతు, పద్దెనిమిది గ్రీన్ల మీద ఒకేలా ఉందా, సాయంత్రమయ్యేసరికి పలచబడిందా అన్నదే ఆమె పంచాంగం.

షెడ్డులో ఆమె జోస్యాన్ని తలకెత్తుకోని మనిషి ఒక్కడే, మెకానిక్. ఆమె అక్క మొగుడు. గడ్డి కోసే యంత్రాలన్నీ అతని చేతి కిందే నడుస్తాయి. మరదలిని ఆటపట్టించకుండా అతనికి పూట గడవదు.

“గుంత తీసే చెయ్యీ నీదే, గెలిచేవాణ్ణి చెప్పే నోరూ నీదే. ఇంక తప్పడానికి ఏముంది మరదలా? పరీక్ష పెట్టి, మార్కులేసి, ఫస్టు ఎవరొస్తారో నేను ముందే చెప్పానన్నాడట ఒక మాస్టారు.”

“చోటు చెప్పేది రిఫరీ బావా. ఆయన కాగితం రాసిస్తాడు, నేను తిప్పుతాను. నువ్వు బ్లేడుకి సాన పట్టినంత మాత్రాన గడ్డి నీదైపోతుందా?”

అది ఇంటి హాస్యంగానే ఉండిపోయేది. కానీ నిరుడు ఓడిపోయిన ఒక ఆటగాడి కోచ్ చెవిన ఆమె జోస్యం సంగతి పడింది. అతను వెళ్తూ వెళ్తూ, మీ దగ్గర గుంతలు తీసేదీ విజేతను చెప్పేదీ ఒకే మనిషటగా అని మైదానం సూపరింటెండెంటును నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వు సూపరింటెండెంటుకు ఏడాదంతా గుచ్చుకుంది. ఆయన మాటలు తక్కువ మనిషి, నియమాలు ఎక్కువ మనిషి. ఈసారి బుధవారం మధ్యాహ్నం ఆమెను గదికి పిలిపించి, నోరో చెయ్యో ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు. కట్టర్ వేరేవాళ్ళకిచ్చి సుఖంగా జోస్యం చెప్పుకో, లేదా జోస్యం మానేసి గుంతలు తీసుకో.

ఆమె ఈ ఒక్క ఏడాదికి గడువడిగింది.

“ఈసారి నా చేతి మీద ఒక్క మాట వచ్చినా, మీరు అడగక్కర్లేదు సార్. కట్టర్ నేనే తెచ్చి మీ బల్ల మీద పెడతాను.”

ఆయన సరేనన్నాడు. ఆ సాయంత్రం ఆమె షెడ్డు తలుపు మీద ‘వడ్రంగి’ అని రాసింది. అందరూ నవ్వారు.

వడ్రంగి అసలు పేరు కాదు. నలభై రెండేళ్ళ ఆటగాడు. బంతి వెనక గొంతుక్కూర్చుని, చెక్క వంకర చూసే వడ్రంగిలా ఒక కన్ను మూస్తాడని షెడ్డువాళ్ళు పెట్టిన పేరు. ఆ మైదానానికి పదకొండేళ్ళుగా వస్తున్నాడు, ఒక్కసారీ గెలవలేదు. పేపరాయన రాసినది ఇరవై మూడేళ్ళ కుర్రాడి గురించి. షెడ్డులో వాడి పేరు పిడుగు. వాడు కొడితే బంతి ఎక్కడ పడిందో వెతకడానికి వేరే మనిషి కావాలి. తలుపు మీద పదహారు పేర్లుంటే పదకొండు పిడుగువే. మెకానిక్ కూడా పిడుగే అని రాసి కింద గీత గీశాడు.

గురువారం వడ్రంగి మూడో స్థానంలో ఉన్నాడు. శుక్రవారం రెండు. శనివారం సాయంత్రానికి అందరికంటే పైన, పిడుగు కంటే రెండు దెబ్బలు ముందు. షెడ్డులో నవ్వులు తగ్గాయి. మెకానిక్ తన గీతవంక చూడటం మానేశాడు. గుంతలక్కకు మాత్రం ఒక విషయం నచ్చలేదు. శనివారం ఆఖరి జంట వెనకే సొట్టలు దిద్దుతూ పోతే, పదమూడో గ్రీన్ తరవాత వడ్రంగివి పలచబడ్డాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పినా సుద్దరాత చెరపకూడదు కదా.

ఆదివారం పొద్దున్న ఐదున్నరకు మంచు ఇంకా గడ్డి మీదే ఉంది. రిఫరీ ఇచ్చిన కాగితం జేబులో ఉంది. ప్రతి గ్రీన్‌కి రెండు అంకెలుంటాయి. ముందు అంచు నుంచి ఎన్ని అంగలు, పక్క అంచు నుంచి ఎన్ని అంగలు. పక్కన ఎడమో కుడో చెప్పే ఒక్క అక్షరం. అదే కాగితం నకలు ఆటగాళ్ళకూ ఇస్తారు. దాన్ని బట్టే వాళ్ళు ఎక్కడికి కొట్టాలో లెక్క వేసుకుంటారు. గుంతలక్క పదిహేడు గ్రీన్లు ముగించి పద్దెనిమిదోది చేరేసరికి వెలుతురొచ్చింది. అది పొడవాటి, సన్నటి గ్రీన్. నడుము దగ్గర పద్నాలుగు అంగల వెడల్పే. ముందు నుంచి ఇరవై ఏడు, పక్క నుంచి ఐదు. అంగలు లెక్కపెట్టింది, కట్టర్ నిలబెట్టింది, తిప్పింది. దిమ్మను నిన్నటి గుంతలో పూడ్చింది. తన అలవాటు ప్రకారం మరోసారి అంగలు కొలిచింది. ఇరవై ఏడు, ఐదు. అంకెలు సరిపోయాయి. గుంతలో గుర్తుజెండా పాతి షెడ్డుకి వచ్చేసింది.

ఎనిమిదింటికి మెకానిక్ యంత్రం తోలుకుంటూ ఆ గ్రీన్ చుట్టూ అంచు కోసి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

“ఏం మరదలా, మీ వడ్రంగి బంతి కుడి నుంచి ఎడమకి తిరుగుతుందని చెప్పి జెండా ఎడమ పక్కన పాతారా? రిఫరీ కూడా నీ చుట్టమేనా?”

గుంతలక్క కూడా నవ్వబోయింది. షెడ్డు గోడకు అంటించిన కాగితం ఎదురుగా ఉంది. పద్దెనిమిదో వరుస. ఇరవై ఏడు, ఐదు. పక్కన అక్షరం కుడి.

ఆమె ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. అంకెలు రెండూ సరిగ్గా కొలిచింది. కానీ ఐదు అంగలూ ఎడమ అంచు నుంచి కొలిచింది. గుంత ఉండాల్సిన చోటికి నాలుగు అంగలు ఇవతల ఉంది. ముందు రోజు రాత్రి అన్నం తింటూ అక్కతో, పద్దెనిమిదోది ఎడమవైపు పడితే మావాడికి నల్లేరు మీద నడకే అని తనే అంది. నోరు అన్న మాటను పొద్దున్న చెయ్యి వినేసింది. నిరుడు ఆ కోచ్ నవ్వుతూ అడిగింది సరిగ్గా ఇదే.

మెకానిక్ నవ్వు ఆగిపోయింది. అతను గొంతు తగ్గించాడు. మొదటి ఆటగాళ్ళు ఆ గ్రీన్ చేరేసరికి పదకొండున్నర అవుతుంది, ఇద్దరం వెళ్ళి నిమిషాల మీద కుడివైపు తీసి ఎడమది పూడ్చేద్దాం, పురుగుకి కూడా తెలియదు అన్నాడు. అతను అన్నది నిజమే. పదినిమిషాల పని. ఆ పూడ్చిన దిమ్మను చూసినా నిన్నటి గుంతే అనుకుంటారు.

ఆమె నడుముకున్న వాకీటాకీ తీసింది. ఆ మైదానంలో పనివాళ్ళు, రిఫరీలు, గేటువాళ్ళు అందరిదీ ఒకటే చానెల్. అందులో మాట్లాడితే నలభై మంది వింటారు.

“అందులో వద్దు. ఫోన్ చెయ్యవే,” అన్నాడు మెకానిక్. అతను ఆమెను ‘వే’ అనడం అదే మొదటిసారి.

ఆమె మీట నొక్కింది.

“రిఫరీ గారికి, సూపరింటెండెంట్ గారికి. పద్దెనిమిదో గ్రీన్ మీద గుంత తప్పు తీశాను. కుడివైపు ఐదు ఉండాలి, ఎడమవైపు ఐదు తీశాను. తప్పు నాదే. నేను అక్కడే ఉంటాను.”

మీట వదిలింది. తరవాత గేటు దగ్గరి మనిషెవరో మీట నొక్కి ఉంచి మరిచిపోయి, “వడ్రంగి కోసమేనంటావా?” అని పక్కవాడిని అడగడం నలభై మందికీ వినపడింది.

రిఫరీ వచ్చాడు, సూపరింటెండెంటు వచ్చాడు. రిఫరీ అంగలు కొలిచి, ఇంకా ఎవరూ ఈ గుంత ఆడలేదు కాబట్టి సరైన చోట తీస్తే సరిపోతుందని తేల్చాడు. తియ్యడానికి ఇంకెవరినైనా పిలవాలా అని సూపరింటెండెంటును అడిగాడు.

“తప్పు తీసినవాళ్ళే పూడ్చాలి,” అన్నాడు సూపరింటెండెంటు. “మిగతాది సాయంత్రం.”

ఆమె కుడివైపు ఐదు అంగలు కొలిచింది. రిఫరీ పక్కనే నడుస్తూ తనూ కొలిచాడు. కట్టర్ తిప్పి దిమ్మను తీసి, తడి గుడ్డలో చుట్టి ఎడమవైపుకు తెచ్చింది. గుంత అడుగున వేళ్ళతో మట్టి సర్ది, దిమ్మ దించింది. ఎత్తుగా అనిపించింది. తీసి చిటికెడు మట్టి గీకి మళ్ళీ దించింది. చుట్టూ అంచు నొక్కింది. బోర్లా పడుకుని చెంప నేలకానించి చూసింది. కళ్ళు మూసుకుని అరచేత్తో రాసింది. రిఫరీ ఒక బంతి తీసి దాని మీదుగా దొర్లించాడు. తిన్నగా పోయింది. ఇంకోటి దొర్లించాడు. అదీ పోయింది. ఎండ ఎక్కాక చూడాలి అన్నాడు. ఆ మాట ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. తడిమట్టి ఎండకు బిగుసుకుంటుంది. పొద్దున సమంగా ఉన్న దిమ్మ సాయంత్రానికి వెంట్రుకవాసి కుంగొచ్చు. పదివేల మంది ముందు, కెమెరాల ముందు, ఆఖరి గ్రీన్ మీద.

మధ్యాహ్నం నుంచి ఆమె ఆ గ్రీన్ వెనక తాడు పక్కన నిలబడింది. వాకీటాకీలో కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఆఖరి జంట వడ్రంగి, పిడుగు. నాలుగో గుంత దగ్గర పిడుగు ఒక దెబ్బ లాగేశాడు. ఏడో దగ్గర వడ్రంగి దాన్ని తిరిగి సంపాదించాడు. పదకొండో గ్రీన్ కాపలా మనిషి నిబంధనల ప్రకారం మాట్లాడకూడదు. అయినా మీట నొక్కి పిడుగు బంతి గుంతలో పడ్డ చప్పుడు వినిపించాడు. వడ్రంగీ అన్నే దెబ్బల్లో ముగించాడు. పద్నాలుగు దగ్గర వడ్రంగి బంతి గ్రీన్ చేరలేదు, ముందే కూలబడింది. ఆధిక్యం ఒక్క దెబ్బకు దిగింది. మెకానిక్ యంత్రం ఒకచోట వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పదిహేడు దగ్గర ఆ ఒక్కటీ పోయింది. ఇద్దరూ సమానం. మిగిలింది పద్దెనిమిది.

అంతసేపూ ఆమె కళ్ళు స్కోరుబోర్డు మీద లేవు. ఎడమవైపు దిమ్మ మీద ఉన్నాయి. అప్పటికి నలభై మంది ఆ గ్రీన్ ఆడిపోయారు. ఒక్కరి బంతీ దాని మీదుగా పోలేదు. పక్క నుంచి పోయినవి ఉన్నాయి, దాటి ఆగినవి ఉన్నాయి. దాని మీదుగా మాత్రం ఒక్కటీ లేదు.

పిడుగు మొదటి దెబ్బకు జనం ఓహో అన్నారు. రెండో దెబ్బకు బంతి గ్రీన్ వెనక అంచున పడింది, గుంతకు తొమ్మిది అంగలు. వడ్రంగి రెండో దెబ్బ గాలిలో కుడి నుంచి ఎడమకు తిరిగి, గ్రీన్ మధ్యలో పడి, దొర్లి దొర్లి ఎడమ అంచు వైపు పోయి ఆగింది. పొద్దున తను తప్పుగా తీసిన చోటికి రెండు అంగల దూరంలో. జెండా మాత్రం ఆరు అంగల అవతల ఉంది.

మెకానిక్ ఆ దూరం చూశాడు, మరదలిని చూశాడు.

“పొద్దున నువ్వు ఆ వాకీటాకీ ముట్టుకోకపోయి ఉంటే, ఈపాటికి మీవాడు గెలిచేసి చేతులు ఊపుతుండేవాడు.”

ఆమె వినలేదు. బంతి నుంచి జెండా దాకా గీత గీస్తే అది సరిగ్గా దిమ్మ నడినెత్తి మీదుగా పోతుంది. ఆమె కంటికి ఆ గీత కనిపిస్తోంది.

ముందు పిడుగు ఆడాడు. తొమ్మిది అంగల నుంచి తోసిన బంతి గుంత చుట్టూ సగం తిరిగి లోపలికి పడింది. జనం లేచి అరిచిన అరుపుకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి. ఇప్పుడు వడ్రంగి ఆరు అంగల బంతిని ఒక్క తోపులో వేస్తే ఆట ఇంకా మిగిలుంటుంది. వెయ్యకపోతే అయిపోయినట్టే.

వడ్రంగి బంతి వెనక గొంతుక్కూర్చుని కన్ను మూశాడు. మూసిన కన్ను తెరిచాడు. లేచి రెండు అంగలు నడిచి దిమ్మ దగ్గర ఆగాడు. అతనికీ కనిపించింది. ఆ వార్త పొద్దున్నే మైదానమంతా తిరిగింది, అతను వినకుండా ఉంటాడా. పూడ్చిన చోటు సరిగ్గా లేకపోతే ఆటగాడు నొక్కి సరిచేసుకోవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. వంగి అరచెయ్యి దాని మీద పెట్టాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు రాశాడు. రిఫరీ వైపు చూశాడు. చెయ్యి తీసేసి, ఏమీ చెయ్యకుండా బంతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గుంతలక్క మెకానిక్ మోచెయ్యి పట్టుకుంది. తరవాత మూడు రోజులు ఆ చోట గోళ్ళ గుర్తులున్నాయని అతను అందరికీ చూపించాడు.

వడ్రంగి తోశాడు. బంతి కదిలింది. ఒక అంగ. అంగన్నర. దిమ్మ అంచు ఎక్కింది. తుళ్ళలేదు. నడినెత్తి మీదికి వచ్చింది. తడబడలేదు. అవతలి అంచు దిగింది. గీత తప్పలేదు.

“పోయింది! తిన్నగా పోయింది బావా!”

ఆమె గాలిలోకి ఎగిరింది. బంతి ఇంకా నాలుగు అంగలు పోవాల్సి ఉంది. పదివేల మందిలో అప్పుడే ఎగిరిన మనిషి ఆమె ఒక్కతే. పక్కనున్నావిడ ఉలిక్కిపడి దూరం జరిగింది. బంతి గుంత వైపే పోతోంది. నెమ్మదిస్తోంది. అంచు దాకా వచ్చింది. ఆగింది.

గుంత పెదవి మీద, సగం లోపలికి వంగి ఆగింది. అలా ఆగితే ఆటగాడు పది సెకన్లు చూడొచ్చు. ఆలోపు పడితే లెక్కలోకి వస్తుంది. వడ్రంగి నడిచి వెళ్ళి దాని పక్కన నిలబడ్డాడు. జనం అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మెకానిక్ కూడా లెక్కపెట్టాడు. పిడుగు పేరు రాసినవాడు, గీత కూడా గీసినవాడు, ఏడు దగ్గర “పడు తల్లీ, పడు” అన్నాడు. తొమ్మిది. పది. పడలేదు.

వడ్రంగి వేలితో తోసినట్టు బంతిని లోపలికి నెట్టి, టోపీ తీసి పిడుగుకు చెయ్యిచ్చాడు.

పనివాళ్ళు షెడ్డు చేరేసరికి గుంతలక్క అక్కడ లేదు. సూపరింటెండెంటు గదికి వెళ్ళి, ఆయన లేకపోతే, కట్టర్ మట్టి తుడిచి బల్ల మీద పెట్టి వచ్చింది. పొద్దున గేటు మనిషి అన్న మాట నలభై మంది విన్నారు. ఒక్క మాట వచ్చినా అని తను అంది. మాట వచ్చింది. లెక్క సరిపోయింది.

షెడ్డులో గోడకున్న టీవీలో వడ్రంగి విలేకరుల ముందు కూర్చున్నాడు. పొద్దున గుంత తప్పు తీసి మార్చారని, బంతి ఆ పూడ్చిన చోటు మీదుగానే వెళ్ళిందని, దానివల్ల దారి తప్పిందా అని ఒకరు అడిగారు. మెకానిక్ లేచి టీవీ గొంతు పెంచాడు.

వడ్రంగి మైకు దగ్గరికి జరిగాడు.

“ఓడినవాడికి ఒక సాకు కావాలి. నేనూ నెపం ఆ దిమ్మ మీదికి నెట్టేద్దామనే చూశాను. అరచేత్తో తడిమాను. ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో నాకే అంతు పట్టలేదు. ఆవిడెవరో సాకు కూడా మిగల్చలేదు. బంతి దారి తప్పలేదు, నా తోపులో జోరు చాల్లేదు.”

షెడ్డులో ఎవరో ఈల వేశారు. గుంతలక్క బకెట్ మీద కూర్చుని బూట్లలోంచి గడ్డి దులుపుకుంటోంది. తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కాసేపటికి సూపరింటెండెంటు కట్టర్ పట్టుకుని వచ్చాడు. దాన్ని గోడకు ఎప్పుడూ ఉండే మేకుకే తగిలించాడు.

“రేపు క్లబ్బు మెంబర్లకి గుంతలెవరు తీస్తారమ్మా, నేనా?”

“మాట వచ్చింది కదా సార్.”

“వచ్చింది. నువ్వు చెప్పబట్టే వచ్చింది. చెప్పకపోతే వచ్చేది కాదు.” ఆయన తలుపు మీది సుద్దరాతలు మొదటిసారి దగ్గరగా చదివాడు. “వచ్చే ఏడు మాత్రం నువ్వు తీసిన ప్రతి గుంతా ఇంకో మనిషి కొలవాలి. అంకెలే కాదు, అక్షరం కూడా.” ఆమె నోటి సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

సోమవారం పంచాయితీ ఎప్పటికంటే పెద్దగా జరిగింది. గేటు మనిషి కూడా వచ్చి వెనక బకెట్ మీద ఒదిగి కూర్చున్నాడు. గుంతలక్క నిలబడి తన జోస్యాన్ని తనే ఉతికి ఆరేసింది. బుధవారం దాకా వడ్రంగి సొట్టలు అందరికంటే లోతు, అందులో తప్పు లేదు. పిడుగువి ఒకటి లోతు, ఒకటి పైపైన, అందుకే వద్దనుకుంది. కానీ పిడుగు సొట్ట ఆదివారం ఆఖరి గ్రీన్ మీద కూడా బుధవారంలాగే ఉంది. వడ్రంగివి శనివారానికే పలచబడ్డాయి. సాయంత్రానికి గడ్డి పొద్దుటికంటే పెరుగుతుంది, బంతిని పట్టుకుంటుంది, ఇంకొంచెం జోరుగా తొయ్యాలి. అలిసిన చేతికి ఆ కొంచెమే ఉండదు.

“నలభై రెండేళ్ళ మనిషి నడుము నాలుగో రోజు ఏమంటుందో చెప్పడానికి గ్రీన్లన్నీ తిరిగాను. ఇంట్లో నా నడుముని అడిగితే సరిపోయేది.”

అందరూ నవ్వారు. మెకానిక్ లేచి, గెలిచిన పదకొండు మంది తరఫున తలుపు దగ్గరికి వెళ్ళాడు. జోస్యం ఫలించినవాళ్ళు అక్కడ ఒక వాక్యం రాయడం ఆనవాయితీ. పిడుగు గురించి రాస్తాడనుకున్నారు. మరదలు రాసిన ‘వడ్రంగి’ పక్కన కొట్టివేత గుర్తు పెట్టి, దాని కింద ‘నోరు తప్పింది, చెయ్యి తప్పలేదు’ అని రాశాడు.

గుంతలక్క దాన్ని చదివింది. సుద్దముక్క అందుకుని, చివరి రెండు మాటలు చేత్తో తుడిచేసి, వాటి చోట ‘చెయ్యీ తప్పింది, తొమ్మిదింటికల్లా దిద్దుకుంది’ అని రాసింది.

“అబద్ధం రాస్తే వచ్చే ఏడు నిన్నెవరు నమ్ముతారు బావా,” అని కట్టర్ భుజాన వేసుకుంది. బయట మెంబర్ల మొదటి జట్టు అప్పుడే మొదటి గ్రీన్ చేరి, నలుగురూ కలిసి దాన్ని సొట్టలు సొట్టలు చేస్తున్నారు.